గుణుపురం సంతలో పూసలు

ఎండుచేపల ఎర్రెమ్మకీ ఉప్పు బస్తాలకీ మధ్య
రెండు గజాల జాగా ఇచ్చారు మాకు.
సంత గుత్తేదారు చీటీ రాస్తూ అడిగాడు,
"సరుకేటి?"
లిప్సా ఒడియాలో చెప్పింది, నేను తెలుగులో చెప్పాను,
రెండూ అతనికి ఎక్కలేదు.
"పూసలు" అని రాసి పది రూపాయలు తీసుకున్నాడు.

అబద్ధమేం కాదు.
చీకట్లో పచ్చగా వెలిగే సూక్ష్మజీవిని
తెచ్చి చూపిద్దామనుకున్నాం మొదట.
ప్రయోగశాల గడప దాటించకూడదన్నారు.
అందుకే దాని ఫోటో ఒకటి,
అట్టపెట్టె నిండా పూసలు:
ఎరుపు, పసుపు, నీలం, తెలుపు.

నాలుగక్షరాల భాష ఇది, అని మొదలుపెట్టాను
బట్టీ పట్టిన గొంతుతో.
ఈ నాలుగింటి వరసే చోడిని చోడి చేస్తుంది,
దోమని దోమ చేస్తుంది, మిమ్మల్ని...
"మమ్మల్నొగ్గీయండి" అంది ఎర్రెమ్మ, ఈగలు తోలుతూ.
"ఆ దోమ సంగతి సెప్పండి ముందర."

జనం మూగారు. మూగింది పూసలకే.
ఒక పాప నీలం పూస నోట్లో వేసుకుంది.
దండాసి దండ మధ్యలో దారం తెంచి
వేరే రంగు గుచ్చి చూపించాడు:
ఇలా రాత మార్చొచ్చు,
దాని కడుపున పుట్టే దోమలన్నీ ఈ మార్పు మోస్తాయి,
చలిజ్వరం మోయవు.

పోస్టరు అట్టడుగున, చిన్న అక్షరాల్లో
"నైతిక ప్రశ్నలు" అని ఉంది.
టైము మిగిలితే అది నా వంతు.

సుంబారి ఎప్పుడొచ్చి కూర్చుందో చూడలేదు.
అడ్డాకుల కట్ట పక్కన పెట్టుకుంది.
మెడ నిండా పూసల పేటలు,
లెక్కపెట్టబోయి సిగ్గేసి మానేశాను.
దండాసి గుచ్చిన దండని వేళ్ళతో తడిమింది,
బెండకాయ ముదురో లేతో చూసినట్టు.
సవరలో ఏదో అంది.
మా కోసం తెలుగులో మళ్ళీ అంది:
"ముడి లేదు."

నిజమే, కొస ముడి వెయ్యలేదు మేం.
ఆమె ఎత్తగానే పూసలన్నీ జారి
ఉప్పులోకి, చేపల్లోకి, కాళ్ళ కిందికి...
అందరూ నవ్వారు. మేమూ నవ్వాం.
"దోమకి ముడి ఏస్తారా?" అంది సుంబారి.

పోస్టరు వైపు చూశాను.
అక్కడ దాని జవాబు లేదు.

"నా మనవడ్ని సలిజొరం తినీసింది. రెండు వానలయ్యింది.
మీ దోమ ఒద్దని అన్ను.
తెల్లారి లేచేసరికి ఒగ్గీసుంటే మాత్రం ఒప్పను.
కొండకొచ్చి అడగాల.
ఒద్దంటే ఎల్లిపోవాల."

"నీ కొండకేనేటి?" ఎర్రెమ్మ తక్కెడ కింద పెట్టింది.
"ఇక్కడొగ్గింది మా కళింగపట్నం రాదేటి?
ఏరొక్కటే. నన్నూ అడగాల."

జన్యువు అని ఇందాక ఏడెనిమిదిసార్లు అన్నాను,
ఒక్కరి చెవికీ అంటలేదు.
సంత వెనక వంశధార పారుతోంది.
పుట్టినప్పటినుంచీ పిలుస్తున్న పేరు,
ఇవాళ విన్నాను.
చెక్‌పోస్టు దగ్గర లారీలు ఆగుతాయి.
అది ఆగదు.

వాళ్ళిద్దరూ బేరంలో పడ్డారు,
అడ్డాకులకి నెత్తళ్ళు.
పాప వాళ్ళమ్మ నోరు తెరిపించి చూసింది.
నీలం పూస లేదు.
భయం లేదు, గాజుది, రేపు వచ్చేస్తుంది అన్నాను.
ఎలా చెప్పగలిగానో అంత ధీమాగా!

మొక్కజొన్న గింజలేరినట్టు పొద్దుగూకేదాకా ఏరాం.
ఉప్పతను తన గోనె వంచి దులిపాడు.
తెచ్చినవి మూడొందలు. దొరికినవి రెండొందల డెబ్బై ఒకటి.

కాలేజీ ఫారం నింపాలి:
వచ్చినవాళ్ళు ఎందరు,
ప్రజలకు అవగాహన కలిగిందా,
అవును, కాదు, ఏదో ఒకదాని కింద గీత.
లిప్సా పెన్ను మూత పెట్టేసింది.

వెళ్ళేముందు సుంబారి ముడి వేసి చూపించింది,
రెండుసార్లు, నెమ్మదిగా,
దారాన్ని దాని కడుపులోంచే తీసి వెనక్కి తిప్పి.
పర్లాకిమిడి బస్సులో దండాసి, నేను
గతుకు గతుకుకీ ప్రయత్నించాం.
కాశీనగర్ దాటింది.
జారిపోతోంది.